జూలైలో వాలై, బాస్ చేపలు ఎక్కడికి పోతాయి? లోతు నీళ్ళలో గాలం వేసేవాళ్ళు కాస్త చెప్పండి

నల్లగొండ_నావికుడు (సెయింట్ పాల్, మిన్నెసోటా)
జూలై 6, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేళ్ళుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం వచ్చి రాస్తున్నా. మే నెలలో సీజన్ మొదలైన వారం ఒడ్డున నిలబడే నాలుగు వాలైలు పట్టాను. చిన్నవే, కానీ పడ్డాయి. జూన్ సగం దాటిన దగ్గర్నుంచి ఒక్కటి లేదు. అదే చోటు, అదే ఎర, అదే నేను. సన్‌ఫిష్ పిల్లలు వచ్చి వానపామును కొద్దికొద్దిగా కొరుక్కుతిని పోతున్నాయి, నేను మళ్ళీ గుచ్చుతున్నా, అవి మళ్ళీ తింటున్నాయి. చేపలు పట్టడం మానేసి చేపల్ని మేపుతున్నట్టుంది నా పని.

ఎవర్ని అడిగినా "ఎండాకాలం కదా, లోతుకి పోయాయి" అంటారు. సరే, ఎంత లోతు? పది అడుగులా, నలభయ్యా? అంత నీళ్ళలో ఎక్కడని వెతకాలి?

18వ తేదీన మా బావమరిది డాలస్ నుంచి వస్తున్నాడు. మిల్ లాక్స్ సరస్సుకి తీసుకెళ్తానని నోరు జారాను. పడవ అద్దెకు మాట్లాడాను. పోయిన ఏడాది వేరే సరస్సులో ఇలాగే అద్దె పడవ తీసుకుంటే లంగరు తాడు ముప్పై అడుగులే ఉంది, మేమున్న చోట నీళ్ళు నలభై. లంగరు కింద వేలాడుతూనే ఉంది, మేం గాలికి కొట్టుకుపోతూనే ఉన్నాం. మూడు గంటల తర్వాత చూస్తే అవతలి ఒడ్డు. ఈసారి అతని ముందు ఆ పరువు పోకూడదు. వాలై గానీ బాస్ గానీ ఏదైనా ఫర్లేదు.

రెండోషిఫ్ట్ (మినియాపొలిస్)
జూలై 6, రాత్రి 10:40

అన్నా, బాస్‌కి పో. ఎండాకాలం పట్టపగలు వాలై కోసం కూర్చుంటే బావమరిది నీతో మాట్లాడడం మానేస్తాడు. మిన్నెటోంకా సరస్సులో నీటిగడ్డి అంచు పట్టుకుని తిరిగితే పదింటికల్లా చేతులు నొప్పి పుట్టేంత లార్జ్‌మౌత్ బాస్ దొరుకుతుంది. అంతదూరం ఎందుకు?

బెండుమీదకన్ను (డులూత్ దగ్గర)
జూలై 7, ఉదయం 5:55

నావికుడు గారూ, పద్నాలుగేళ్ళుగా ఇక్కడి సరస్సుల మీద డీజిల్, పెట్రోలు తగలేస్తున్నవాడిని, నాకు తెలిసింది చెప్తా.

ముందు ఆ "లోతు" అనే మాటను మనసులోంచి తీసేయండి. చాలామంది కొత్తవాళ్ళు మ్యాపులో అన్నిటికంటే ముదురు నీలం రంగు ఎక్కడుందో చూసి సరిగ్గా అక్కడికే వెళ్తారు. అక్కడ ఏమీ ఉండదు. చేపకు కావాల్సింది తిండి, కాస్త చల్లదనం, ఊపిరి తీసుకోవడానికి ఆక్సిజన్. ఈ మూడూ కలిసే చోటు దాదాపు ఎప్పుడూ ఒక అంచు మీదే ఉంటుంది. గడ్డి ఆగిపోయే అంచు, రాళ్ళు ఆగి బురద మొదలయ్యే అంచు, మెరక దిగి లోతయ్యే అంచు. ఎండ ఎక్కేకొద్దీ అదే అంచు మీద ఇంకొంచెం కిందికి జరుగుతాయి, సాయంత్రం మళ్ళీ పైకొస్తాయి.

వాలైకి ఇంకో తిప్పలు ఉంది, దాని కళ్ళు. రాత్రి టార్చి వేస్తే పిల్లి కళ్ళలా మెరుస్తాయి. కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉండబట్టి మసక వెలుతుర్లో దానికి బాగా కనిపిస్తుంది, దాని ఎరచేపలకు కనిపించదు. అందుకే దాని వేటంతా పొద్దు వాలాక, లేదంటే గాలికి నీళ్ళు చెదిరి వెలుతురు తగ్గినప్పుడు. అద్దంలా నిలకడగా ఉన్న నీళ్ళు, నడినెత్తిన సూర్యుడు అంటే వాలైకి నిద్రపోయే టైము. మీరు ఒడ్డున ఎన్నింటికి నిలబడుతున్నారు?

మిల్ లాక్స్ సంగతి వేరే రాస్తాను, పనికి టైమైంది.

నల్లగొండ_నావికుడు
జూలై 7, ఉదయం 8:20

ఉదయం పదకొండు నుంచి రెండు దాకా. శనివారం పిల్లల క్లాసులు అయ్యాక. అర్థమైంది, ఇక చెప్పకండి.

లెక్కలమాస్టారు (రోచెస్టర్, మిన్నెసోటా)
జూలై 7, మధ్యాహ్నం 12:31

పై మిత్రులు ఆక్సిజన్ మాట ఎత్తారు, కాస్త వివరంగా చెప్తే నయం. వేసవిలో లోతైన సరస్సు మూడు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చటి తేలిక నీళ్ళు, అడుగున చల్లటి బరువు నీళ్ళు, మధ్యలో ఉష్ణోగ్రత గబగబా పడిపోయే ఒక పలచటి పొర. దాన్నే థర్మోక్లైన్ అంటారు. ఈ రెండు నీళ్ళూ కలవవు కాబట్టి పైనుంచి ఆక్సిజన్ కిందికి దిగదు. అడుగున కుళ్ళే చెత్త ఉన్న ఆక్సిజన్‌ను కూడా వాడేస్తుంది. జూలై, ఆగస్టు కల్లా నాచు ఎక్కువగా పెరిగే సరస్సుల్లో అడుగునీళ్ళు చేపకు పనికిరావు. కాబట్టి థర్మోక్లైన్ 22 అడుగుల దగ్గరుంటే 40 అడుగుల్లో గాలం వేయడం ఖాళీ ఇంటి తలుపు కొట్టడమే. ఫిష్ ఫైండర్ (నీళ్ళ కింద ఏముందో చూపించే సోనార్) సెన్సిటివిటీ కాస్త పెంచితే ఆ పొర తెర మీద మసక గీతలా అడ్డంగా కనిపిస్తుంది. మిల్ లాక్స్‌లో కూడా ముందు ఆ గీత వెతికి, దానికి పైనే ఎర పెట్టండి.

బెండుమీదకన్ను
జూలై 7, సాయంత్రం 6:48

మాస్టారూ, అన్నీ కరెక్టే, చివరి వాక్యం తప్ప. మిల్ లాక్స్‌లో ఆ గీత వెతుక్కుంటూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది. అది లక్షా ముప్పై రెండు వేల ఎకరాల సరస్సు, కానీ గరిష్ఠ లోతు 42 అడుగులే. పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసినట్టు. గాలి వచ్చిందంటే పై నుంచి అడుగుదాకా కలిపేస్తుంది, పొరలు నిలబడవు. అందుకే అక్కడ వాలై నడివేసవిలో కూడా ముప్పై అడుగుల అడుగున హాయిగా ఉంటుంది. మీరు చెప్పింది మిన్నెటోంకా లాంటి వాటికి వర్తిస్తుంది, అక్కడ నూటపదమూడు అడుగుల గొయ్యి ఉంది.

ఇక నావికుడు గారికి. సరస్సు నడిమధ్యలో, ముఖ్యంగా ఉత్తరం వైపు, బురద దిబ్బలు ఉంటాయి, మడ్ ఫ్లాట్స్ అంటారు. చుట్టూ ముప్పై, ముప్పై అయిదు అడుగులుంటే దిబ్బ మీద పాతిక. ఆ బురదలో మేఫ్లై లార్వాలు కోట్లలో ఉంటాయి, వాటిని తినే పెర్చ్ చేప పిల్లలు, వాటిని తినే వాలైలు. జూన్ చివర ఆ పురుగులు మన ఉసుళ్ళలా ఒక్కసారిగా లేచినప్పుడు మాత్రం వాలైకి కడుపు నిండిపోయి మన ఎర వంక చూడదు. మీరు వెళ్ళేసరికి ఆ హడావిడి తగ్గిపోయి ఉంటుంది.

దిబ్బ నడినెత్తిన కాదు, అంచు మీద వేయండి. దారానికి జారే సీసం, దాని కింద ఒక చిన్న ఆపు, ఆ తర్వాత అయిదారడుగుల సన్న దారం, చివర చిన్న గాలం, దానికి జలగ. దీన్నే ఇక్కడ లిండీ రిగ్ అంటారు. బ్రెయినర్డ్ ఊళ్ళో ఆల్ లిండ్నర్, రాన్ లిండ్నర్ అనే అన్నదమ్ములు తయారుచేసి అమ్మిన సరుకు. సీసం నేలకు తగులుతూ ఉండాలి, పడవ మనిషి నడక కంటే నెమ్మదిగా కదలాలి. చేప పట్టినప్పుడు లాగినట్టు ఉండదు, తడి గుడ్డ తగులుకున్నట్టు బరువెక్కుతుంది, అంతే. అప్పుడు దారం వదిలేయండి, సీసం బరువు దానికి తెలియకూడదు. మూడు, నాలుగు లెక్కపెట్టి, బిగువు చూసుకుని నెమ్మదిగా ఎత్తండి. కంగారుపడి గుంజారో, జలగ ఒక్కటే వస్తుంది, అదీ సగం.

జలగంటే_భయం (చికాగో)
జూలై 7, రాత్రి 7:05

ఆగండాగండి. జలగ అంటే జలగేనా? మా అమ్మమ్మ ఊళ్ళో వరిచేలో కాలికి పట్టుకునే జలగ? దాన్ని డబ్బు పెట్టి కొంటారా??

బెండుమీదకన్ను
జూలై 7, రాత్రి 7:20

జలగే, కానీ ఇది వేరే రకం, రిబ్బన్ జలగ, మన రక్తం మీద దీనికి ఆశ లేదు. ఎరల కొట్లో డజను లెక్కన, పౌను లెక్కన అమ్ముతారు. వెచ్చటి నీళ్ళలో ఒక్క జలగ గంటసేపు మెలికలు తిరుగుతూ ఈదుతుంది, వానపాము అంత సేపు తట్టుకోదు, సన్‌ఫిష్ పిల్లలు కూడా దీన్ని అంత తేలిగ్గా పీకలేవు. వెడల్పుగా ఉన్న వైపు గుండ్రటి పీల్చే నోరులాంటిది కనిపిస్తుంది, గాలం అక్కడ గుచ్చాలి. గుచ్చేటప్పుడు వేలికి చుట్టుకుని అతుక్కుంటుంది, ఏమీ చేయదు, నెమ్మదిగా ఊడదీసేయడమే. మొదటి రెండుసార్లు ఒళ్ళు జలదరిస్తుంది, మూడోసారికి ఆ చేత్తోనే శాండ్‌విచ్ తింటారు.

జలగంటే_భయం
జూలై 7, రాత్రి 7:22

నేను ఈ చర్చలోంచి వెళ్ళిపోతున్నా.

సాగర్_పిల్లోడు (డెట్రాయిట్ దగ్గర)
జూలై 7, రాత్రి 9:30

చదువుతుంటే మా నాయిన గుర్తొచ్చాడు. నాగార్జునసాగర్ వెనక నీళ్ళలో పుట్టి మీద వల వేసేవాడు. ఎండాకాలం నీళ్ళు తగ్గినంక పెద్ద బొచ్చలు, వాలుగలు పాత ఏటి దారి పట్టుకుని ఉంటాయని చెప్పేవాడు, పైన ఎంత వెడల్పు నీళ్ళున్నా ఆయన పుట్టి మాత్రం ఆ కనపడని ఏటి మీదనే తిరిగేది. ఒడ్డున రెండు గుట్టలు చూసి, వాటి మధ్య ఒక చెట్టు గురి పెట్టుకుని సరిగ్గా అక్కడ ఆపేవాడు. ఇప్పుడు మనం వేల డాలర్లు పోసి సోనార్ కొని చేసేది అదే పని.

అంచు అనే మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా సెయింట్ క్లెయిర్ సరస్సులో తవ్విన ఓడల కాలువ వదిలేస్తే మొత్తం మీద లోతు ఇరవై ఒక్క అడుగే. అయినా జూలైలో స్మాల్‌మౌత్ బాస్ "లోతుకి" పోతుంది. అంటే పద్నాలుగు నుంచి పద్దెనిమిది అడుగులు, గడ్డి మధ్య ఇసుక గుంటలు. లోతు అనేది ఆ సరస్సును బట్టే.

ఇంకో మాట. కొత్తగా వచ్చిన మనోళ్ళు వాలై అనగానే వాలుగ అనుకుంటారు, నేనూ అనుకున్నా. సంబంధం లేదు. వాలుగ పొలుసు లేని మీసాల చేప, వాలై పెర్చ్ కుటుంబం, ఒళ్ళంతా గరుకు పొలుసు, తోక కింది కొనకు తెల్ల మచ్చ. ఆ తెల్ల మచ్చే గుర్తు.

కోనసీమ_కోడలు (క్లీవ్‌లాండ్, ఒహాయో)
జూలై 8, ఉదయం 7:10

మా ఈరీ సరస్సు గురించి ఎవరూ రాయలేదేంటి! వాలై అంటే ఇక్కడే కదండీ. వసంతంలో పడమటి వైపు, పోర్ట్ క్లింటన్ దగ్గర గుంపులుగా ఉంటాయి, అక్కడ నీళ్ళు సగటున ఇరవైనాలుగు అడుగులే. వేసవి ముదిరేకొద్దీ పెద్దవన్నీ తూర్పు వైపు, అంటే మా వైపు లోతు నీళ్ళలోకి వలస వస్తాయి. జూలై, ఆగస్టుల్లో మావారూ నేనూ క్లీవ్‌లాండ్ ముందరే డెబ్బై అడుగుల నీళ్ళలో ట్రోలింగ్ చేస్తాం, అంటే పడవ నడుపుతూ వెనక ఎర లాగుతాం. కానీ చేపలు అడుగున ఉండవు, నడిమధ్య నలభై అడుగుల దగ్గర తేలుతుంటాయి. ఎందుకంటే సరస్సు నడిమి భాగంలో మాస్టారు గారు చెప్పినట్టే అడుగున ఊపిరాడని నీళ్ళ పొర కడుతుంది.

నడినీళ్ళలో ఉన్న చేపకి ఎర ఎంత లోతులో నడుస్తుందో తెలియకపోతే అంతా దండగ. మేం లోపల సీసం ఉన్న దారం, అంటే లెడ్ కోర్ వాడతాం. పది గజాలకో రంగు మారుతుంది, ఒక రంగు వదిలితే సుమారు అయిదడుగులు దిగుతుంది. ఎనిమిది రంగులు వదిలితే నలభై అడుగులన్నమాట. వేగం పెరిగితే పైకి లేస్తుంది, తగ్గితే మునుగుతుంది, అది చూసుకోవాలి. మొదటి ఏడాది మావారు వేగం పెంచుతూనే ఉన్నారు, మా ఎరలు చేపల నెత్తిమీద నుంచి విమానాల్లా వెళ్ళిపోయాయి.

పడవ లేనివాళ్ళు మనిషికింత అని తీసుకునే పెద్ద పడవలు ఎక్కొచ్చు, గాలాలు వాళ్ళే ఇస్తారు. పిల్లలకి వాంతుల మాత్ర మాత్రం ముందే వేయండి, ఈరీ అలలు పొట్టివే కానీ దగ్గరదగ్గరగా వచ్చి కుదిపేస్తాయి.

రెండోషిఫ్ట్
జూలై 8, మధ్యాహ్నం 3:15

బాస్ గురించి ఎవరూ పట్టించుకోవట్లేదు కాబట్టి నేనే రాస్తా.

లార్జ్‌మౌత్‌కి వేడి పెద్ద ఇబ్బంది కాదు. దానికి నీడ, దాక్కునే చోటు కావాలి. మిన్నెటోంకాలో గడ్డి పన్నెండు నుంచి పద్దెనిమిది అడుగుల దగ్గర గోడలా ఆగిపోతుంది, నీళ్ళు తేటగా ఉంటే ఇంకా కిందికి. ఆ గోడ నేరుగా ఉండదు, లోపలికి వంపులు, బయటికి ముక్కులు ఉంటాయి. ముక్కు దగ్గర ఆగు. పొద్దున్నే ర్యాపాలా డీటీ-16 లాంటి లోతుకి దూకే క్రాంక్‌బైట్ (చేప ఆకారం ఎర) పొడుగ్గా విసిరి గడ్డి అంచుకు ఆనించి లాగు, దానికి పదహారు అడుగులే హద్దు. ఎండెక్కాక డ్రాప్ షాట్. అంటే సీసం అట్టడుగున, గాలం దానికి అడుగున్నర పైన, మెత్తటి ప్లాస్టిక్ పురుగు. సీసం కదలకూడదు, పురుగు మాత్రం వణకాలి. చెయ్యి వణికితే చాలు, కాఫీ రెండు కప్పులు ఎక్కువ తాగితే అదే జరుగుతుంది :)

స్మాల్‌మౌత్ అయితే మిల్ లాక్సే, ఒప్పుకుంటా. 2016లో బాస్ వేట పోటీలు పెట్టే బాస్‌మాస్టర్ వాళ్ళ ఏంగ్లర్ ఆఫ్ ది ఇయర్ ఫైనల్ అక్కడే జరిగింది. రాతి దిబ్బల మీద పది నుంచి పాతిక అడుగుల మధ్య వెతుకు. స్మాల్‌మౌత్ కొడితే వాలైలా తడిగుడ్డ కబుర్లు ఉండవు, మోచెయ్యి దాకా తెలుస్తుంది.

బెండుమీదకన్ను
జూలై 8, రాత్రి 8:02

ఇంతవరకూ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది, దాని గురించే నాకు కాస్త కోపం.

వాలైకి, బాస్‌కి కడుపులో గాలి తిత్తి ఉంటుంది, దానికి బయటికి దారి లేదు. ముప్పై అయిదు అడుగుల నుంచి మీరు గబగబా పైకి లాగితే నీటి ఒత్తిడి తగ్గి ఆ గాలి ఉబ్బుతుంది. కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి, ఒక్కోసారి పొట్ట తిరగబడి నోట్లోంచి గులాబీ రంగు బుడగలా బయటపడుతుంది. దాన్ని ఫోటో తీసుకుని "వదిలేశాం, మంచి పని చేశాం" అని పోస్టు పెడతారు. అది కిందికి దిగలేదు. పైన వెల్లకిలా తేలుతుంది, కాసేపటికి గద్దకో సముద్రపు కాకికో ఆహారం. పైగా జూలైలో పైనీళ్ళు డెబ్బై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటాయి, ఆ వేడికే సగం అలిసిపోతుంది.

కాబట్టి లోతు వేట అంటే నా లెక్క ఒక్కటే. ముప్పై అడుగులు దాటితే వదిలేసే ఉద్దేశంతో గాలం వేయకండి. తినడానికి కావాల్సినన్ని పట్టుకోండి, పడగానే ఆపి పైకి రండి, మిగతా సరదా ఇరవై అడుగుల్లో తీర్చుకోండి.

సాగర్_పిల్లోడు
జూలై 8, రాత్రి 8:30

అన్నా, సూదితో గాలి తీస్తారు కదా కొందరు? టోర్నమెంట్లలో చూశా.

బెండుమీదకన్ను
జూలై 8, రాత్రి 8:41

చేతనైనవాళ్ళు చేస్తారు. చేతకానివాళ్ళు పేగులో పొడుస్తారు, చేప కిందికి దిగుతుంది, మనకు కనపడకుండా చస్తుంది. బరువు కట్టిన క్లిప్పుతో దవడ పట్టుకుని లోతుకి దించి వదిలే పరికరం దొరుకుతుంది, అది నయం. అసలు ఆ అవసరం రాకుండా చూసుకోవడం ఇంకా నయం.

లెక్కలమాస్టారు
జూలై 8, రాత్రి 9:17

దీనికి మిల్ లాక్స్ చరిత్రే ఉదాహరణ. అక్కడ వాలై కోటాను రాష్ట్రమూ, 1837 ఒప్పందం హక్కులున్న ఎనిమిది ఒజిబ్వే ఆదివాసీ తెగలూ పంచుకుంటాయి, ఆ హక్కుల్ని 1999లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. వదిలేశాక చచ్చిపోయే చేపల్ని కూడా రాష్ట్రం వాటా లెక్కలో రాస్తారు. 2017 జూలైలో కొన్ని వారాలు వాలై వేట పూర్తిగా ఆపేశారు, వేడి నీళ్ళలో పట్టి వదిలినవి ఎక్కువ చస్తున్నాయనే. అప్పుడు ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళే వీల్లేదు, అన్నీ పట్టి వదలడమే, అయినా కోటా కరిగిపోయింది.

మిల్ లాక్స్ రూల్స్ ఏటా మారతాయి, ఒక్కోసారి సీజన్ మధ్యలోనే మారతాయి. ఏ సైజు ఉంచుకోవచ్చో, ఎన్నో వెళ్ళే ముందు రోజు రాత్రి డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పేజీలో చూసుకోండి. పదహారేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి, బావమరిదికి బయటి రాష్ట్రం వాళ్ళ లైసెన్సు, ఒక్కరోజుది కూడా దొరుకుతుంది. వేసవిలో మనిషికి ఒక్కటే గాలం. రెండో కర్ర పడవలో పడుకోబెట్టొచ్చు, నీళ్ళలో వేయకూడదు.

రెండోషిఫ్ట్
జూలై 8, రాత్రి 9:50

అద్దె పడవని ట్రైలర్ మీద తెస్తున్నావా అన్నా, వాళ్ళ రేవులోనే ఎక్కుతావా? ట్రైలర్ అయితే అడుగున బిరడా చూసుకో. వేరే సరస్సు నీళ్ళు, జీబ్రా గవ్వలు మోసుకుపోకుండా రోడ్డు మీద బిరడా తీసే ఉంచాలని చట్టం. నేను చట్టాన్ని గౌరవించి తీశా, నీళ్ళలో దించే ముందు పెట్టడం మర్చిపోయా. రేవులో జనమంతా చూస్తుండగా నా కాళ్ళ దగ్గర నీళ్ళు. "సార్, మీ కూలర్ ఈదుతోంది" అని ఒక పిల్లాడు చెప్పేదాకా నాకు తెలియలేదు.

కోనసీమ_కోడలు
జూలై 9, ఉదయం 6:45

పెద్ద నీళ్ళు అన్న మాట మర్చిపోకండి. పదహారు అడుగుల పడవలో సరస్సు నడుమకి వెళ్ళేవాళ్ళు ముందు గాలి ఎటు నుంచో, మధ్యాహ్నానికి ఎంత పెరుగుతుందో చూసుకోవాలి. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. ఈత వచ్చని మావారూ అనేవారు, ఒకసారి అలకి పడవలో వెనక్కి పడి నడుం పట్టేశాక ఇప్పుడు ఎక్కగానే తొడుక్కుంటున్నారు.

పట్టాక వండే సంగతి. వాలైని పులుసు పెట్టకండి, దయచేసి. దాని మాంసం సున్నితం, పులుసులో విడిపోయి పప్పు అయిపోతుంది. తోలు తీసిన ముక్కలకి పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, బియ్యప్పిండి పైపైన చల్లి పెనం మీద వేయించండి. రెండు నిమిషాలు ఒక వైపు, నిమిషంన్నర రెండో వైపు. పులుసు కావాలంటే బాస్ కాస్త గట్టి, అయినా మన కొర్రమీను దగ్గరికి రాదు. ఎంతైనా తెలంగాణ రాష్ట్ర చేప అది, మిన్నెసోటా వాళ్ళ రాష్ట్ర చేప 1965 నుంచి వాలై, ఎవరి అభిమానం వాళ్ళది. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ, పిల్లలకీ గర్భిణులకీ చిన్నవే పెట్టండి.

నల్లగొండ_నావికుడు
జూలై 20, రాత్రి 11:05

వెళ్ళొచ్చాం. రిపోర్టు.

శనివారం తెల్లవారి నాలుగున్నరకి బయల్దేరాం. ఈసారి పడవ ఎక్కకముందే లంగరు తాడు బారలు వేసి కొలిచాను, వందడుగులు, పడవ ఓనరు నన్ను వింతగా చూశాడు. గాలి దక్షిణం నుంచి మెల్లగా ఉంది. ముందు రాతి దిబ్బ మీదికి వెళ్ళాం, పద్దెనిమిది అడుగులు. రెండోషిఫ్ట్ తమ్ముడూ, నీ డ్రాప్ షాట్‌కి దండం. బావమరిది మూడో విసురుకే స్మాల్‌మౌత్ పట్టాడు, అది నీళ్ళలోంచి గాల్లోకి ఎగిరి తల విదిలించేసరికి ఆయన "ఓయమ్మో" అని కర్ర నాకిచ్చేయబోయాడు. తొమ్మిదింటికల్లా ఇద్దరికీ కలిపి ఏడు. అన్నీ వదిలేశాం, అన్నీ తోక కొట్టి నేరుగా కిందికే పోయాయి.

పది దాటాక బురద దిబ్బ అంచుకి వెళ్ళాం. జలగ గుచ్చడానికి నాకు పదిహేను నిమిషాలు పట్టింది. ముప్పైమూడు అడుగుల్లో లిండీ రిగ్, అరగంట ఏమీ లేదు, తర్వాత సరిగ్గా మీరన్న తడి గుడ్డ. వదిలా, లెక్కపెట్టా, ఎత్తా. నా జన్మలో అంత పెద్ద వాలైని చూడలేదు, ఇరవైనాలుగు అంగుళాలు. ఒళ్ళు పాత ఇత్తడి చెంబు రంగు, కన్ను మాత్రం పాలగోళీలా ఉంది. కానీ నోట్లో గులాబీ బుడగ. రూల్ ప్రకారం ఆ సైజు ఉంచుకోకూడదు. వదలాల్సిందే. చేత్తో పట్టుకుని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించా, రెండుసార్లు మొప్పలు కదిలాయి, వదలగానే పక్కకి ఒరిగి తేలింది. కిందికి తోస్తే మళ్ళీ పైకి. బావమరిది "ఉంచేసుకుందాం బావా, ఎలాగూ చచ్చిపోతుంది" అన్నాడు, కుదరదని చెప్పా. అయిదు నిమిషాలు దాని పక్కనే తిరిగాం, ఆ తర్వాత చూడలేక ఇంజను స్టార్ట్ చేశా. వెనక్కి చూస్తే గద్ద దిగుతోంది.

బెండుమీదకన్ను గారూ, మీరు రాసింది అంతా చదివి కూడా ముప్పైమూడులో వేశాను. తప్పు నాదే.

బెండుమీదకన్ను
జూలై 20, రాత్రి 11:30

అందరికీ ఒకసారి అవుతుంది. నాకు నాలుగుసార్లు అయింది, అందుకే కోపం. ఆ తర్వాత ఏం చేశారు?

నల్లగొండ_నావికుడు
జూలై 21, ఉదయం 7:40

పైకి వచ్చేశాం. సాయంత్రం ఏడున్నర నుంచి ఇరవై అడుగుల రాతి అంచున బెండు కట్టి, దాని కింద జలగ వేలాడదీసి, అడుగుకి ఒక అడుగు పైన ఆపాం. లైటు బెండు, ఎర్రగా వెలుగుతుంది. తొమ్మిది దాటాక ఆ ఎర్ర చుక్క నెమ్మదిగా పక్కకి నడిచి నీళ్ళలోకి దిగిపోయింది, నీళ్ళ కింద కూడా కాసేపు ఎర్రగా కనిపిస్తూనే ఉంది. అలా మూడు వాలైలు. ఒకటి రూల్‌కి సరిపోయే సైజు, దాన్ని ఉంచుకున్నాం, రెండు వదిలితే రెండూ మాయమయ్యాయి. కోడలు గారి పద్ధతిలో వేయించాం. బావమరిది డాలస్ వెళ్ళాక కూడా ఆ పులుపు గురించే మెసేజీలు పెడుతున్నాడు.

ఒక సమస్య మిగిలింది. జలగలు ఓ ముప్పై మిగిలాయి. ఎలా దాచాలి?

సాగర్_పిల్లోడు
జూలై 21, ఉదయం 8:05

ఫ్రిజ్‌లో పెట్టు. క్లోరిన్ లేని నీళ్ళు పోసి రోజూ మారుస్తుంటే వారాలు బతుకుతాయి. సరస్సు నీళ్ళు మాత్రం ఒడ్డునే పారబోసి రావాలి, అది మీ రాష్ట్రం రూలే.

నల్లగొండ_నావికుడు
జూలై 21, ఉదయం 8:11

ఫ్రిజ్‌లోనే పెట్టా. పెరుగు డబ్బాలో. మా ఆవిడ ఇంకా లేవలేదు.

కోనసీమ_కోడలు
జూలై 21, ఉదయం 8:13

బాబూ, ఇప్పుడే వెళ్ళి తీయండి. మాకు రాస్తూ కూర్చోకండి.